శ్రేష్ఠమైన పట్టణము

ఆ రోజు ఉదయానికి జ్ఞానశేఖర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే ఎవరి కంటా పడకుండా మదనపల్లె బస్టాండుకు చేరుకోవాలి. కుప్పం బస్సెక్కాలి. అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయం చేసుకుని, సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు ఇల్లు చేరాలి. తర్వాత నిదానంగా, ఆమె మనసు బాగున్న రోజు చూసుకుని, భార్య సుహాసిని చెవిన వేయాలి. సుహాసిని రెండు రోజులుగా పుంగనూరులో వాళ్ళ అక్క ఇంట్లో ఉంది. ఇంతకంటే మంచి అదను మళ్ళీ దొరకదు.

జ్ఞానశేఖర్ మదనపల్లెలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళుగా ఎక్స్-రేలు తీస్తున్నాడు, చర్చి సంఘం వాళ్ళ ఇంట్లో ఉంటున్నాడు. ఊళ్ళో సగం మంది ఎముకలతో ఆయనకు పరిచయం ఉంది. అదే ఆయన ప్రాణం మీదికి వచ్చింది. టమాటా మండీ వైపు వెళ్తే ఎవడో ఒకడు ప్యాంటు పైకి మడిచి మోకాలు చూపిస్తాడు. టీ కొట్టు దగ్గర ఆగితే టీ పోసేవాడే గిన్నె పక్కన పెట్టి మోచెయ్యి చాపుతాడు. చర్చిలో ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే పక్కనున్న పెద్దాయన ఈయన చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకుని, "ఈడ కటకటమంటాంది, సూడప్పా" అని గుసగుసలాడతాడు. అర్ధకిలో మాంసం కొంటే ఇంటికి చుట్టాలెవరొచ్చారని అడుగుతారు. కొనకపోతే ఒంట్లో నలతగా ఉందా అని అడుగుతారు.

అందుకే ఆయనకు బెంగుళూరు పిచ్చి పట్టుకుంది. మదనపల్లెలో బెంగుళూరు పోవాలనుకోని వాడంటూ ఉండడు. కొందరికి జీతం, కొందరికి పిల్లల చదువు, పెళ్ళికాని కుర్రాళ్ళకైతే సంబంధాలు కారణం. జ్ఞానశేఖర్ కారణం వేరు. ఎప్పుడో ఒకసారి పని మీద వెళ్ళి, మెజెస్టిక్ బస్టాండు దగ్గర జనం మధ్య చాలాసేపు నిలబడ్డాడు. వేలమంది ఆయన్ని రాసుకుంటూ వెళ్ళారు. ఒక్కడంటే ఒక్కడు మోకాలు చూపించలేదు. బతికితే ఇలాంటి చోట బతకాలని ఆ రోజే అనుకున్నాడు. కానీ బెంగుళూరు ఆసుపత్రులకు ఆయన వయసు నచ్చలేదు. చివరికి కుప్పం పిలిచింది. కుప్పంలో ఆయనెవరో ఎవరికీ తెలియదు. పైగా రైలెక్కితే బెంగుళూరే.

సుహాసిని మాత్రం మొదటినుంచీ ఒకటే మాట చెబుతూ వచ్చింది. "నన్ను అడిగి నువ్వు ఏ ఊరికైనా పోప్పా, నేను గూడా వొస్తా. అడక్కుండా మాత్రం పక్క వీధికి గూడా పోవద్దు."

అడిగితే ఎక్కడ వద్దంటుందో అని ఈయన అడగలేదు.

అడగలేదు గానీ, ప్రార్థన లేకుండా పని మొదలుపెట్టే అలవాటు ఆ ఇంట్లో లేదు. అందుకని బస్సులో కూర్చున్నాక సంఘం సెక్రటరీ ఆల్విన్‌కు ఫోన్ చేశాడు. ఆల్విన్ హార్స్లీ హిల్స్‌లో ఒక రిసార్టులో పనిచేస్తాడు. మనిషి మంచివాడే. ఒక్కటే బలహీనత, గ్రాంథికం. సంఘం వాట్సాప్ గ్రూపులో ఆదివారం ఆరాధన వేళ మారిందని చెప్పాలన్నా నాలుగు 'యున్నారు'లు, రెండు 'నిమిత్తము'లు లేకుండా చెప్పడు.

"తమ్ముడూ, కుప్పం ఆసుపత్రి నుంచి నాకు పిలుపొచ్చింది. పోతాండాను. నా కోసం ప్రార్థన చెయ్యప్పా."

"నేనొక్కడినే చేస్తే ఏం బలముంటాదన్నా? గ్రూపులో పెడతా, అందరూ చేస్తారు."

"ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయొద్దు. డాక్టరు ఉమాశంకర్‌కు తెలిసిందంటే ఈడ నా పని అయిపోతాది."

"నాకు తెలీదా అన్నా. తెలిసీ తెలీనట్టు రాస్తా."

"సుహాసిని కోసం గూడా చెయ్యమను. తెలిస్తే ఆమె తట్టుకోలేదు."

సుహాసిని ఆ గ్రూపులో లేదు. పొద్దున్నే వచ్చి పడే గులాబీల ఫొటోలు భరించలేక ఎప్పుడో తప్పుకుంది. ఆ ధైర్యంతో జ్ఞానశేఖర్ ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. ఆన్‌లో ఉంటే డ్యూటీకి రాలేదేమని ఉమాశంకర్ ఫోన్ చేస్తాడు, అబద్ధం చెప్పాలి. అబద్ధం ఆడటం ఈయనకు చేతకాదు. దాచడం మాత్రం బాగా చేతనవును.

కొండ ఎక్కితే సిగ్నల్ సరిగా ఉండదని ఆల్విన్ కొండ కిందే బండి ఆపి, శ్రద్ధగా టైపు చేశాడు. "మన ప్రియ సహోదరులు జ్ఞానశేఖర్ గారికి నేటి ఉదయమున పిలుపు వచ్చినది. ఆయన ఈ మదనపల్లెను విడిచి, ఇంతకంటె శ్రేష్ఠమైన పట్టణమునకు బయలుదేరి వెళ్ళియున్నారు. సహోదరి సుహాసిని గారి ఆదరణ నిమిత్తము అందరును ప్రార్థించుడి." ఒకసారి చదువుకుని, ఎక్కడా కుప్పం పేరు రాలేదని తృప్తిపడి, కొండెక్కేశాడు.

పిలుపు రావడం, శ్రేష్ఠమైన పట్టణానికి వెళ్ళడం, మిగిలినవాళ్ళకు ఆదరణ. సంఘంలో పుట్టి పెరిగిన ఎవరికైనా ఈ మాటలకు ఒకటే అర్థం, మనిషి చనిపోయాడని. పక్కింటి శారదమ్మ చదివి కెవ్వుమంది. బయటికొచ్చి చూస్తే జ్ఞానశేఖర్ ఇంటికి తాళం. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఆల్విన్‌కు చేస్తే అందుబాటులో లేడు. ఇంకేం రుజువు కావాలి? వెంటనే పుంగనూరులో సుహాసిని అక్కకు ఫోన్ చేసి, మెసేజ్ చదివి వినిపించి ఏడ్చింది. గ్రూపులో అప్పటికే చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి.

కుప్పం బస్సు పుంగనూరు బస్టాండులో ఆగింది. డ్రైవరూ కండక్టరూ ఇడ్లీకి దిగారు. జ్ఞానశేఖర్ కిటికీలోంచి బయటికి చూసి ఉలిక్కిపడ్డాడు. ఎదుటి ప్లాట్‌ఫారం మీద మదనపల్లె బస్సు దగ్గర సుహాసిని నిలబడి ఉంది. నిలబడి ఉందనడం కన్నా, వాళ్ళక్క ఆమెను పట్టుకుని నిలబెట్టింది అనడం సబబు. జుట్టు ముడి ఊడిపోయింది. కాళ్ళకు చెప్పులు లేవు. బస్సు మెట్టు ఎక్కబోయి ఎక్కలేక కూలబడింది. ఎవరో ఒకామె రెక్క పట్టుకుని లోపలికి ఎక్కించింది.

జ్ఞానశేఖర్ చటుక్కున సీటు కిందికి వంగాడు.  మదనపల్లెలో సుహాసిని పెద్దమ్మ గంగులమ్మ చాలాకాలంగా మంచంలో ఉంది. పాపం, ఆమే పోయి ఉంటుందనుకున్నాడు. దిగి భార్య దగ్గరికి వెళ్ళాలని కాళ్ళు లాగాయి. కానీ దిగితే ఈ బస్సులో ఎందుకున్నావని అడుగుతుంది. కుప్పం సంగతి బయటపడుతుంది. ముసలామె ఎలాగూ పోయింది, ఉద్యోగం మాత్రం ఇవాళ తప్పితే రాదు. సాయంత్రం వెళ్ళి ఓదారుద్దామని మనసుకు సర్దిచెప్పుకుని, సీటు కిందే కళ్ళు మూసుకుని, ఆ పోయినవాళ్ళ ఆత్మకోసం చిన్న ప్రార్థన చేశాడు. పక్కన కూర్చున్న రైతు, "ఏమన్నా పడిపోయిందాప్పా?" అని అడిగాడు. లేదన్నాడు.

కుప్పం ఆసుపత్రిలో మేనేజరు పద్మావతి ఆయన్ని మర్యాదగా కూర్చోబెట్టింది. కొత్త మిషను, ఏసీ గది, వెనకవైపు క్వార్టరు. దారిలో ఎవరూ ఆయన్ని పలకరించలేదు, ఆఖరికి ఆటోవాడు కూడా. జ్ఞానశేఖర్‌కు కుప్పం తెగ నచ్చేసింది.

"అంతా బాగుండాది సార్. మీరు పనిచేసిన చోట ఒక మాట అడగడం మా పద్ధతి" అంటూ ఆమె మదనపల్లె ఆసుపత్రికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టింది.  ఉమాశంకర్ బూతులు తిడతాడని జ్ఞానశేఖర్ కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు.

"సార్, కుప్పం ఆసుపత్రి నుంచి మాట్లాడతాండాను. జ్ఞానశేఖర్ గారి గురించి..."

అవతలి నుంచి వెక్కిళ్ళు వినిపించాయి. "మీ దగ్గిరుండాడా తల్లీ?"

"అవును సార్. పొద్దున వొచ్చినారు."

"ఈడ యాడుండాడో తెలీక అందరం అల్లాడిపోతాండాము. బంగారట్లాంటి మనిసమ్మా. ఇరవై ఏండ్లలో ఒక్కనాడు నాకు ఎదురు చెప్పలేదు. ఒక్క మాట చెప్పకుండా పోయినాడు."

పద్మావతి ముఖం వికసించింది. "అయితే మేము తీసుకోవచ్చునా సార్?"

"మీరెట్ల తీసుకుంటారు? మా మనిసి! మేమే తెచ్చుకుంటాము. ఇప్పుడే బండి పంపిస్తాండాను."

"ఆయన ఇష్టం గూడా సూడాల గదా సార్?"

"ఇంక ఆయన ఇష్టమేముండాది తల్లీ?" ఉమాశంకర్ ముక్కు చీదాడు. "కాయితాలేమున్నా నేనే సంతకం పెడతా. మీకు పుణ్యముంటాది, ఒక్క పని చెయ్యండి. బండి వొచ్చేదాకా ఆయన్ని ఏసీలో పెట్టండి. ఎండలు జాస్తిగా ఉండాయి."

పద్మావతి ఫోన్ పెట్టేసింది. జ్ఞానశేఖర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మదనపల్లెలో తన ఎక్స్-రే గదిలో ఫ్యాను తిరగదని ఎన్నిసార్లు చెప్పినా ఉమాశంకర్ పట్టించుకోలేదు. అలాంటి మనిషి తనకు ఎండ తగలకూడదని పరాయి ఊరివాళ్ళను బతిమాలుతున్నాడు. మనిషి విలువ దూరమైతేగానీ తెలియదన్నమాట అనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"మిమ్మల్ని ఆయన వదిలేటట్టు లేరు సార్" అంది పద్మావతి, నొచ్చుకుంటూ. "ఇంత ప్రేమున్న చోటు నుంచి మనిసిని లాగినామని మాకు చెడ్డపేరొద్దు. ఏమీ అనుకోవద్దండి." బయట కూర్చున్న ఇంకొకతన్ని లోపలికి పిలిచి ఆ ఉద్యోగం అతనికిచ్చేసింది. ఉమాశంకర్ అంతగా అడిగాడు కదా అని జ్ఞానశేఖర్‌ను మాత్రం ఏసీ గదిలో కూర్చోబెట్టి బిస్కెట్లు పంపింది.

అదే సమయంలో మదనపల్లెలో ఉమాశంకర్ బయటికొచ్చి, గుమిగూడిన జనంతో, "కుప్పం ఆసుపత్రిలో ఉండాడంట. వాళ్ళే ఫోన్ చేసినారు" అని చెప్పాడు. అంతవరకూ ఏ మూలో ఆశ పెట్టుకున్నవాళ్ళు కూడా ఆ మాటతో వదిలేసుకున్నారు. సమాధుల తోటలో గుంత తవ్వమని పెద్దలు మనుషుల్ని పంపారు.

బండి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డ్రైవరు మునిశేఖర్, ఒకప్పుడు భుజం జారితే జ్ఞానశేఖర్ దగ్గరే ఎక్స్-రే తీయించుకున్నవాడు. ఆసుపత్రి వాకిట్లో చెప్పులు విడిచి వాచ్‌మన్‌ను అడిగాడు.

"అన్నా, ఈడ మార్చురీ యాడ?"

"మా ఆసుపత్రిలో మార్చురీ లేదే."

"మదనపల్లె జ్ఞానశేఖర్‌ను తీసుకుపోను వొచ్చినాను."

"ఓ, ఆయనా? ఏసీ రూములో ఉండాడు. పో, లోపలికి పో."

మునిశేఖర్ చేతిలో తెల్లగుడ్డ, బంతిపూల దండ పట్టుకుని, తల వంచుకుని తలుపు తోశాడు.

"రాప్పా మునిశేఖర్, నిన్ను పంపినాడా డాక్టరు?" అన్నాడు జ్ఞానశేఖర్, బిస్కెట్ నములుతూ. "భుజం ఎట్లుండాది?"

మునిశేఖర్ పెట్టిన కేక ఆపరేషన్ థియేటరు దాకా వినబడింది. దండ ఒకవైపు, గుడ్డ ఒకవైపు పడేసి గోడకు కరుచుకుపోయి, "నీకు నేనేం ద్రోహం చేసినాను సామీ! కిరాయికొచ్చినోడిని!" అని ఏడ్చేశాడు. నర్సులు నీళ్ళు చల్లి కూర్చోబెట్టారు. కాస్త తేరుకున్నాక, తన ఫోన్ తీసి, ఎవరో పంపిన ఆల్విన్ మెసేజ్ చూపించాడు. తర్వాత వాకిట్లోకి తీసుకెళ్ళి బండి చూపించాడు. లోపల గాజు పెట్టె. ముందు అద్దానికి కట్టిన ఫ్లెక్సీ. దాని మీద క్రిస్మస్ నాడు పాట పాడుతూ నోరు తెరిచిన జ్ఞానశేఖర్ ఫొటో, కింద 'అశ్రునివాళి'.

జ్ఞానశేఖర్ తన ఫొటోకేసి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది, పుంగనూరు బస్టాండు. చెప్పులు లేని ఆ కాళ్ళు.

ఫోన్ ఆన్ చేసి, సుహాసినికి కలిపాడు. అవతల ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు.

"ఎవురు?" అంది సుహాసిని. అరిగిపోయిన గొంతు. "ఈ ఫోను నీకెట్ల వొచ్చిందప్పా? ఆయన పక్కన ఉండావా?"

"నేనే సుహా. నేనే. బతికే ఉండాను."

పాటలు వినపడుతూనే ఉన్నాయి. ఊపిరి మాత్రం వినపడలేదు.

"యాడుండావు?"

"కుప్పంలో."

"కుప్పంలో నీకేం పని?"

జ్ఞానశేఖర్ నీళ్ళు నమిలాడు. ఆమెకు తెలియాల్సింది తెలిసిపోయింది. చాలా నెమ్మదిగా అడిగింది. "పుంగనూరు మిందనే పోయినావా?"

"ఆ దోవనే పోయినా. నిన్ను గూడా సూసినాను, సీటు కింద దాక్కున్నాను. మీ పెద్దమ్మ పోయిందేమో అనుకోని..." అని నాలిక్కరుచుకున్నాడు.

ఫోన్ కట్ అయింది.

తిరుగు ప్రయాణంలో జ్ఞానశేఖర్ ముందు సీట్లో, తన ఫ్లెక్సీ వెనకాల కూర్చున్నాడు. దాన్ని విప్పేద్దామంటే మునిశేఖర్ ఒప్పుకోలేదు. కిరాయి ఇచ్చినవాళ్ళు విప్పమంటేగానీ విప్పనన్నాడు. ఊళ్ళు దాటుతుంటే రోడ్డు పక్కన జనం లేచి నిలబడి దణ్ణం పెట్టారు. ఒకరిద్దరికి ఈయన అలవాటుకొద్దీ తిరిగి దణ్ణం పెట్టాడు. అందులో ఒక ముసలాయన అక్కడే కూలబడిపోవడంతో ఆ తర్వాత చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

సాయంత్రానికి మదనపల్లె చేరారు. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, ఊరి జనం. బతికే ఉన్నాడని సుహాసిని అప్పటికే చెప్పింది, కుప్పం ఎందుకెళ్ళాడో మాత్రం చెప్పలేదు. బండి దిగగానే ఒక్కసారిగా మీద పడ్డారు. శారదమ్మ రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని ఏడ్చింది. టీ కొట్టువాడు కావలించుకున్నాడు. కటకటలాడే మోకాలి పెద్దాయన కర్ర పారేసి మరీ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఇంతమంది తనకోసం ఏడ్చారా అని జ్ఞానశేఖర్ కూడా ఏడ్చేశాడు. ఈ ఊరు వదిలి పోవాలనుకున్నందుకు సిగ్గేసింది. ఇక్కడే ఉంటాను, ఇక్కడే బతుకుతాను అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

అప్పుడే ఆల్విన్ కొండ దిగి వచ్చాడు. షామియానా చూసి కంగారుగా, "ఎవురు పోయినారు?" అని అడిగాడు. జనం ఆయన్ని చుట్టుముట్టారు.

"నేను రాసిందాంట్లో సచ్చిపోయినాడని యాడుండాది?" అన్నాడు ఆల్విన్, సంగతి తెలిశాక రోషంగా. "సచ్చిపోతే 'నిద్రించియున్నారు' అని రాస్తాను గదా! 'బయలుదేరి వెళ్ళియున్నారు' అని అంత బాగా రాస్తే అర్థం కాకపోతే తప్పు నాదా? కుప్పంలో ఉద్యోగానికి పోయినాడు ఆయప్ప. ఈ ఊరు ఇడిసిపెట్టి పోతాండాడు, ప్రార్థన చెయ్యండి అని, అంతే!"

 టీ కొట్టువాడు కావలించుకున్న చేతులు మెల్లగా తీసేశాడు. "కుప్పానికా?" అన్నాడు పెద్దాయన, కర్ర వెతుక్కుంటూ. "మేమేం తక్కువ చేసినాం ఈ మనిసికి?"

చనిపోయినవాణ్ణి ఊరు క్షమిస్తుంది. వదిలిపోవాలనుకుని, అది కుదరక తిరిగొచ్చినవాణ్ణి ఏం చెయ్యాలో ఊరికి తెలియలేదు. ఒక్కొక్కరే కుర్చీలు మడిచి వెళ్ళిపోయారు. ఆయన ముందునుంచే వెళ్ళారు. ఒక్కరు కూడా పలకరించలేదు. ఒక్కరు కూడా మోకాలు చూపించలేదు. ఇన్నేళ్ళుగా ఆయన కోరుకున్నది అదే. ఇప్పుడు నడిరోడ్డు మీద బట్టలు ఊడిపోయినట్టనిపించింది.

మిగిలింది సంఘం వాళ్ళు కొందరు, ఉమాశంకర్. ఏడ్చి ఏడ్చి ఆయన కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"రేపు పొద్దున డ్యూటీకి వొస్తా సార్" అన్నాడు జ్ఞానశేఖర్.

"యాడికొస్తావు?" అన్నాడు ఉమాశంకర్. "నీ జాగాలోకి మన ఉదయ్ కిరణ్‌ను తీసుకున్నాం. బెంగుళూరులో ఎక్స్-రే పని మానేస్తానని ఫోన్లో వాళ్ళకు చెప్పేసినాడు. ఈ ఇల్లు గూడా సంఘం పెద్దలు ఆ పిల్లోడికే ఇస్తామన్నారు. నువ్వు సచ్చిపోయినావనే గదా ఇదంతా చేసినాం? నువ్వు బతికుంటావని మాకు ముందే చెప్పినావా?"

 ఉదయ్ కిరణ్ చేతులు నలుపుకుంటూ దగ్గరికొచ్చాడు. సంఘంలోనే పెరిగిన కుర్రాడు, సెలవుకు ఊరికొచ్చి ఇందులో ఇరుక్కున్నాడు.

"ఏమీ అనుకోవద్దన్నా. ఆడ నేను జొరమొచ్చి వారమంతా పడుకుంటే పక్క రూమోనికి గూడా తెలీలేదు. ఈడ నీకేమీ కాకుండానే ఊరంతా ఏడ్సింది. పొద్దున అది సూసినంక నాకు మళ్ళీ బెంగుళూరు పోబుద్ధి కాలేదు."

జ్ఞానశేఖర్ ఆ కుర్రాడి భుజం తట్టాడు. 

ఇంకో చిక్కు మిగిలే ఉందని శారదమ్మ గుర్తుచేసింది. సమాధుల తోటలో తవ్విన గుంత. తవ్వినదాన్ని ఉత్తగా పూడ్చకూడదని ఆమె పట్టు. ఉత్తగా పూడిస్తే ఇంకొకరిని పిలుస్తుందట. ఎవరికి ముందొస్తే వాళ్ళకు వాడుకుందామని ఆల్విన్ అన్నాడు గానీ, ఆ ముందు వచ్చేవాళ్ళు తామేనేమోనని పెద్దలందరూ ముఖాలు చూసుకున్నారు. చివరికి అది జ్ఞానశేఖర్ కొలతకు తవ్వింది కాబట్టి జ్ఞానశేఖర్‌దేనని, పైన బండ వేసి ఉంచుదామని తీర్మానించారు. ఒకసారి వచ్చి చూసుకోమన్నారు.

ఆయన వెళ్ళాడు. వెనకాలే సుహాసిని వచ్చింది. కాళ్ళకు ఇంకా చెప్పులు లేవు. పొద్దు వాలుతోంది. ఎర్రమట్టి పక్కన కుప్పగా పోసి ఉంది. ఇద్దరూ గుంత అంచున నిలబడి లోపలికి చూశారు. శ్రద్ధగానే తవ్వారు, మూలలు కూడా చక్కగా తీశారు.

"పుంగనూరు నుంచి ఈడిదాకా నేను విధవగా వొచ్చినానప్పా" అంది సుహాసిని. ఏడవడం లేదు. "పక్క సీట్లో ఎవురో ఏమో, మొకం గూడా తెలీదు, దోవంతా నా చెయ్యి పట్టుకోనుండింది. మీ ఆయనకేం ఇష్టమని అడిగింది. పాటలు పాడేదంటే ఇష్టమని చెప్పినాను. నువ్వేమో ఎదురు బస్సులో సీటు కింద ఉంటివి."

 పొద్దున సీటు కింద తాను ప్రార్థన చేసింది ఎవరి ఆత్మకోసమో జ్ఞానశేఖర్‌కు ఇప్పుడు అర్థమైంది. అది ఆమెకు చెప్పే ధైర్యం మాత్రం ఆయనకు లేదు, ఎప్పటికీ రాలేదు.

"అడిగి ఏ ఊరికైనా పో అంటిని. అంతేగదా నేను అడిగింది?"

"ఇప్పుడు అడుగుతాండాను సుహా" అన్నాడు. "ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. యాడికి పోదామో నువ్వే చెప్పు."

సుహాసిని గుంతకేసి ఇంకోసారి చూసి, వెనక్కి తిరిగింది. "పుంగనూరికి. మా అక్కోళ్ళ మిద్దె మింద గది ఉండాది. ఆ బస్టాండు ముందరే ఇల్లు. బస్సులు వొచ్చేది, పోయేది అంతా కనపడతాది. నేను సూస్తా ఉంటాను."

ఆ వారంలోనే సామాను పుంగనూరు చేరింది. అద్దె తక్కువ చెప్పాడని మునిశేఖర్ బండిలోనే వేశారు. పెట్టె తీసేశారు గానీ ఫ్లెక్సీ విప్పడం ఎవరికీ గుర్తు రాలేదు. గ్రూపులో ఆల్విన్ ఈసారి జాగ్రత్తపడి, "సహోదరులు జ్ఞానశేఖర్ గారు పుంగనూరు పట్టణమునకు తరలి వెళ్ళియున్నారు, ఇది నిజముగా పుంగనూరే" అని రాశాడు. దానికి కూడా ఇద్దరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

పుంగనూరులో మొదటి రోజు ఉదయం జ్ఞానశేఖర్ పాల ప్యాకెట్ కోసం కిందికి దిగాడు. అంగడాయన ఎగాదిగా చూసి, "సచ్చి బతికిన ఎక్స్-రే ఆయప్ప నువ్వే గదా?" అని గట్టిగా అన్నాడు. బస్టాండులో ఉన్న జనమంతా ఇటు తిరిగారు. అంగడాయన సంబరంగా గల్లాపెట్టె మీదుగా కాలు చాపి, పంచె పైకి లాగాడు. మిద్దె మీది కిటికీలోంచి సుహాసిని చూస్తోంది. జ్ఞానశేఖర్ పాల ప్యాకెట్ పక్కన పెట్టి, వంగి, ఆ మోకాలు పట్టుకుని చూశాడు.

ఎవరూ మోకాలు చూపించని చోటు ఆయనకంటూ ఒకటి సిద్ధంగానే ఉంది, బండ కూడా వేశారు గానీ, అది మదనపల్లెలో ఉంది.